కోడికూత సహకార సంఘం: పేరడీ డాక్యుమెంటరీ పని డైరీ

తీస్తున్నది ఏడు నిమిషాల కల్పిత చిత్రం. 1963లో సినిమా హాల్లో అసలు బొమ్మకు ముందు వేసిన ప్రభుత్వ డాక్యుమెంటరీలా కనిపించాలి. గడియారం లేని ఊళ్లో జనాన్ని వేళకు లేపడానికి పుంజులతో ఒక సహకార సంఘం పెడతారు, అదీ కథ. ఇది సిరీస్‌లో మొదటి ఎపిసోడ్. షూటింగ్ తెనాలి దగ్గర మా మేనమామ ఊళ్లో, మిగతా పనంతా హైదరాబాద్‌లో. చేతిలో ఉన్నవి ఒక పాత మిర్రర్‌లెస్ కెమెరా, ట్రైపాడ్, లాప్‌టాప్. ఇలాంటి పని తలపెట్టేవాళ్లకు పనికొచ్చే లెక్కలన్నీ రాసి పెడుతున్నాను.

దశ 1: నియమాలు

మాకు పాఠ్యపుస్తకం లాంటిది 'డాక్యుమెంటరీ నౌ!'. 2015లో అమెరికాలోని ఐఎఫ్‌సీ ఛానల్‌లో మొదలైన సిరీస్. ఫ్రెడ్ ఆర్మిసెన్, బిల్ హేడర్, సేత్ మేయర్స్, రీస్ థామస్ కలిసి పుట్టించారు. ఒక్కో ఎపిసోడ్ ఒక్కో ప్రసిద్ధ డాక్యుమెంటరీకి పేరడీ. మొదటి సీజన్‌నే యాభయ్యో సీజన్ అని చెప్పి, హెలెన్ మిరెన్‌ చేత గంభీరంగా పరిచయం చేయించారు. దర్శకులు రీస్ థామస్, అలెక్స్ బ్యూనో ఇద్దరూ 'సాటర్డే నైట్ లైవ్' ఫిలిం విభాగంలో పనిచేసి వచ్చినవాళ్లు. ఏ డాక్యుమెంటరీని అనుకరిస్తే ఆ కాలపు లెన్సులు వెతికి తెచ్చుకునేవాళ్లు. చూసేవాడికి మొదటి నిమిషంలో ఇది నిజం డాక్యుమెంటరీయే అనిపించాలి. ఆ నమ్మకం కుదిరాకే నవ్వు పండుతుంది.

మా మూలం ఫిల్మ్స్ డివిజన్, అంటే కేంద్ర ప్రభుత్వం డాక్యుమెంటరీలు తీయించిన సంస్థ. 1948లో బొంబాయిలో మొదలైంది. హాళ్లలో అసలు సినిమాకు ముందు వీళ్ల న్యూస్ రీల్ గానీ డాక్యుమెంటరీ గానీ వేయడం తప్పనిసరిగా ఉండేది, తెలుగు వ్యాఖ్యానంతోనూ వచ్చేవి. 2022లో ఎన్‌ఎఫ్‌డీసీలో (జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ) కలిపేశారు. మా తల్లిదండ్రుల తరానికి ఆ గొంతు, ఆ బాణీ చెవుల్లోనే ఉన్నాయి. అందుకే దీన్ని ఎంచుకున్నాం.

కెమెరా తీయకముందే గోడకు అంటించిన నియమాలు:

1. ఫిలిం లెక్క: 35 ఎంఎం, సెకనుకు 24 ఫ్రేములు, అడుగుకు 16 ఫ్రేములు, నిమిషానికి 90 అడుగులు. మాకు ఉన్నది 2,000 అడుగులే అనుకోవాలి. అంటే కెమెరా మొత్తం మీద 22 నిమిషాల 13 సెకన్లు మాత్రమే తిరగాలి. కార్డులో చోటుంది కదా అని తీయకూడదు.
2. షూటింగ్‌లో ధ్వని రికార్డు చేయం. అంతా తర్వాత కలపడమే.
3. ట్రైపాడ్ దిగకూడదు. జూమ్ లేదు.
4. ఫ్రేము 1.37:1, వెడల్పు ఎత్తుకు 1.37 రెట్లు. అంటే 1480×1080 పిక్సెళ్లు.
5. వ్యాఖ్యాతకు ఇది హాస్యమని తెలియదు.

ఈ ఐదింటిలో మొదటిదే ముఖ్యం. అప్పటివాళ్లకు ఏ ఇబ్బంది ఉందో అది మనకూ ఉంటే, షాట్లు వాటంతటవే వాళ్ల షాట్లలా వస్తాయి. అది లేకుండా పైన గీతలు, మరకలు ఎన్ని పూసినా కొత్త వీడియో కొత్తగానే ఉంటుంది.

ఖర్చు: 0. వాడిన ఫిలిం: 0 అడుగులు.

దశ 2: లెన్స్, నలుపు తెలుపు

సెకండ్ హ్యాండ్‌లో సోవియట్ హీలియోస్ 58 ఎంఎం లెన్స్ ఒకటి, దానికి అడాప్టర్, రెండూ కలిపి 6,200 రూపాయలు. ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్‌లోకి వచ్చే వెలుతురును తగ్గించే గాజు) 900. షటర్ 1/50, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా సున్నితత్వం) 100, ఎండలో ఎన్‌డీ లేకపోతే పని జరగదు. ఆటోఫోకస్ పూర్తిగా ఆపేశాం.

పరీక్షలో మొదట దెబ్బతిన్నది ఇంటర్నెట్‌లో దొరికే, బొమ్మ మీద పరిచే 'పాత ఫిలిం' ఓవర్‌లే. గీతలు, దుమ్ము, వణుకు అన్నీ ఉన్నాయి, నమ్మకం మాత్రం లేదు. ఫ్రేము ఫ్రేముగా చూస్తే కారణం తెలిసింది. ఒకే గీత ప్రతి పది సెకన్లకూ తిరిగి వస్తోంది. పైగా నిజమైన ప్రింటులో దెబ్బలు రీలు మొదట్లో, చివర్లో ఎక్కువ. హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటర్ చేతులు పడేది, ఫిలిం నేలను తాకేది అక్కడే. మధ్యలో ప్రింటు చాలావరకు శుభ్రంగానే ఉంటుంది. ఇంకో సంగతి, 1963లో ఆ రీలు కొత్తది.

మార్పు: మొదటి 8 సెకన్లు, చివరి 8 సెకన్లలో మాత్రమే దెబ్బలు. మధ్యలో సన్నటి గ్రెయిన్, ఫ్రేములో అర పిక్సెల్ కదలిక, అంతే. బొమ్మ ఒక్కసారిగా నిజమైంది.

రెండో ఇబ్బంది పుంజు తలది. మేము ఎంచుకున్నది సేతువ, అంటే తెల్ల పుంజు. పెద్ద పాత్ర కదా, తెరమీద దూరం నుంచి కనబడాలని. రంగు తీసేసి మామూలుగా నలుపు తెలుపు చేస్తే ఎర్ర తురాయి బూడిద రంగుకు దిగి, వెనక మట్టిగోడలో కలిసిపోయింది. పక్షికి తలే లేనట్టు ఉంది. ఎరుపు ఛానల్ (బొమ్మలో ఎరుపు రంగు వాటా) పెంచితే తురాయి తెల్లబడి ఇంకా పోయింది. అప్పట్లో కెమెరామన్లు లెన్స్ ముందు రంగు ఫిల్టర్ పెట్టి సర్దుకున్న పని ఇదే. పచ్చ ఫిల్టర్ ఎరుపును నల్లబరుస్తుంది. మేము ఎడిటింగ్‌లో ఛానళ్లు మార్చాం:

- ఎరుపు 10 శాతం
- పచ్చ 75 శాతం
- నీలం 15 శాతం

తురాయి బొగ్గులా నల్లగా, ఒళ్లు సున్నంలా తెల్లగా వచ్చింది. మనుషుల పెదాలు కూడా కాస్త నల్లబడ్డాయి. అది కూడా ఆ కాలపు బొమ్మలా ఉందని అలాగే ఉంచాం.

ఖర్చు: 7,100. వాడిన ఫిలిం: 0 అడుగులు. పరీక్షలు లెక్కలోకి రావని ముందే అనుకున్నాం.

దశ 3: ఊరు, పుంజు, గంప

ఊళ్లో ఎటు చూసినా సెల్ టవర్, డిష్ యాంటెన్నా, ప్లాస్టిక్ బిందె. ఇక్కడ ఫ్రేము ఆకారమే ఆదుకుంది. 1.37 ఇరుకు కాబట్టి రెండు పెంకుటిళ్ల మధ్య సందులో కెమెరా పెడితే చాలు, 1963 పడుతుంది. కెమెరా ఎత్తు నేలనుంచి మూడడుగులు. అంతకన్నా లేపితే తీగలు వస్తాయి.

సంఘం బోర్డు మొదట ఫ్లెక్స్ మీద పాత అక్షరాలతో ముద్రించి చూశాం. అక్షరాల అంచులు మరీ నున్నగా వచ్చి చిత్రాన్ని చెడగొట్టాయి. ఊళ్లో లారీలకు రంగులు వేసే పెయింటర్ గారికి రేకు ఇచ్చాం. ఆయన అడిగింది ఒక్కటే, "షేడు ఎటు పక్క వేయమంటారు, కుడికా ఎడమకా?" కుడి పక్కకు నీడ వేసి, "సంఘము" అని సున్నా, ము రెండూ సాగదీసి రాశారు. బోర్డు 1,500. ఈ చిత్రంలో పెట్టిన ప్రతి రూపాయిలో అత్యధికంగా పనిచేసింది ఇదే.

ఇక పుంజు. కూత కావాలి, కానీ కూసేది వెలుతురు రాకముందు. 2013లో జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం పరిశోధకులు తేల్చిన విషయం ఒకటుంది: పుంజు తెల్లవారుజామున కూసేది ప్రధానంగా ఒంట్లోని గడియారాన్ని బట్టి, వెలుతురు చూసి మాత్రమే కాదు. మాకు అది అనుభవంలోకి వచ్చింది. చీకట్లో ఐఎస్ఓ పెంచితే బొమ్మ 1963 వాసన పోయి సీసీటీవీ అయింది.

కథలో కీలకమైన షాట్: తెల్లవారుజామున కార్యదర్శి గంప కింద చూస్తాడు, పుంజు 'విధుల్లో' ఉంటుంది. పగలు తీస్తే గంప బయటికీ లోపలికీ ఐదు స్టాపుల తేడా (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు). పుంజుకు అందేలా వెలుగు పెంచితే బయట తెల్లగా కాలిపోతోంది. థర్మోకోల్ షీట్లతో ఎండను లోపలికి తిప్పితే ఒకటిన్నర స్టాపు దక్కింది. వెదురు సందుల్లోంచి పడే చుక్కల వెలుగు వేరే గొడవ, పుంజు మీద చిరుతపులి మచ్చల్లా.

దీనికి విరుగుడు 1922 నాటి డాక్యుమెంటరీలో దొరికింది. రాబర్ట్ ఫ్లాహెర్టీ 'నానూక్ ఆఫ్ ది నార్త్' తీసినప్పుడు మంచు ఇంటి లోపల కెమెరాకు వెలుతురు చాలలేదు. అందుకని సగమే కట్టిన ఇగ్లూలో, ఒక పక్క తెరిచి ఉంచి, ఆ కుటుంబం లోపల నిద్రపోతున్నట్టు తీశాడు. నానూక్ అసలు పేరు అల్లకారియల్లక్. భార్యగా కనిపించినావిడ ఆయన భార్య కాదు. 'డాక్యుమెంటరీ నౌ!' మొదటి సీజన్‌లో 'కునుక్ అన్‌కవర్డ్' అనే ఎపిసోడ్ మొత్తం ఈ కల్పనల మీదే నడుస్తుంది. డాక్యుమెంటరీ అనే ప్రక్రియ బాల్యంలోనే ఇలాంటి పనులు చేసింది కాబట్టి, పేరడీ తీసేవాళ్లు సిగ్గుపడాల్సిన అవసరమేమీ లేదు.

మేము చేసింది:

1. ఒకే అల్లిక ఉన్న రెండు గంపలు కొనాలి. జత 700.
2. ఒక గంపను కెమెరా వైపు సగం కోసేయాలి. కోసిన అంచు ఫ్రేము బయటే ఉండాలి.
3. కోసిన పక్క నుంచి థర్మోకోల్‌తో ఎండ లోపలికి తిప్పాలి. తేడా ఒక స్టాపుకు వచ్చింది.
4. దూరం షాట్‌లో రెండో గంప, దగ్గరి షాట్‌లో కోసిన గంప.
5. రెండు స్టాపులు తగ్గించి తీసి తెల్లవారుజాము అనిపించాలి. ఆకాశం ఫ్రేములోకి రాకూడదు.

ఐదో అంశంలో ఒక చిక్కు. మిట్టమధ్యాహ్నం తీసిన షాట్లలో నీడలు కాళ్ల కిందే ఉండిపోయాయి. చీకటిగా చేసినా ఎవరూ నమ్మరు. అందుకే ఆ వరస మొత్తం సాయంత్రం నాలుగున్నర తర్వాత మళ్లీ తీశాం. పొడుగు నీడలు వచ్చాయి. సాయంత్రపు నీడకూ పొద్దుటి నీడకూ తెరమీద తేడా ఉండదు.

కూతకు మాత్రం పుంజును బతిమాలలేదు. రెండో నియమం ప్రకారం ధ్వని తర్వాతే కదా. నోరు తెరిచి మెడ సాచితే చాలు. గింజలు పైకెత్తి చూపిస్తే మెడ సాచింది. అసలు కూత వేరే రోజు చీకట్లో ఫోన్‌తో రికార్డు చేసి అతికించాం. అప్పటి న్యూస్ రీళ్లలోనూ చాలా ధ్వనులు ఇలా తర్వాత అతికించినవే.

ఖర్చు ఈ దశలో: గంపలు 700, థర్మోకోల్ 480, పంచెలు, లాల్చీలు 3,400, బోర్డు 1,500, తిండి, ప్రయాణం 7,800. మొత్తం 13,880.
ఇప్పటిదాకా ఖర్చు: 20,980. వాడిన ఫిలిం: 1,655 అడుగులు, అంటే 18 నిమిషాల 23 సెకన్లు.

దశ 4: గొంతు, బాణీ

వ్యాఖ్యానం మొదటి ప్రతిలో 780 పదాలు. గడియారం పెట్టి చదివితే ఆ గంభీరమైన ధాటిలో నిమిషానికి 88 పదాల కన్నా ఎక్కువ పట్టలేదు. ఏడు నిమిషాల్లో బొమ్మకు కూడా ఊపిరి ఉండాలి. 460 పదాలకు దించాం. దాదాపు ఐదుంబావు నిమిషాల మాట, మిగతాది బాణీ.

పోయిన పదాల్లో ఎక్కువ భాగం జోకులే. "కోడి కూడా ప్రభుత్వోద్యోగే మరి!" అనే వాక్యం చదివినప్పుడు గదిలో అందరూ నవ్వారు. బొమ్మ మీద పెట్టి చూస్తే చిత్రం కుప్పకూలింది. వ్యాఖ్యాతకు సంగతి తెలిసిపోయినట్టు ఉంది. దాని బదులు వచ్చింది ఇది:

"సంఘ సభ్యులు నూట పన్నెండుగురు. పుంజులు తొమ్మిది. పదవ పుంజు కొరకు ప్రభుత్వమునకు అర్జీ పంపబడినది."

ఈ మూడు వాక్యాల తర్వాత రెండు సెకన్లు ఖాళీ పుంజుల కొట్టం మీద ఆపాం. నవ్వు అక్కడ వచ్చింది.

చదివింది నాటకానుభవం ఉన్న ఒక పెద్దాయన. ఆయనకు 1957 ఏప్రిల్ 1న బీబీసీ 'పనోరమా'లో వచ్చిన మూడు నిమిషాల ముక్క చూపించాను. స్విట్జర్లాండ్‌లో చెట్లకు కాసిన స్పఘెట్టిని (పిండితో చేసే సేమ్యాలాంటి తిండి) కుటుంబాలు కోసుకుంటున్నాయని రిచర్డ్ డింబుల్‌బీ చెప్పిన ఏప్రిల్ ఫూల్ ముక్క. డింబుల్‌బీది అప్పటికి బ్రిటన్ నమ్మిన గొంతు. పంట బాగా పండిందని చెప్పేటప్పుడు కూడా ఆ గొంతులో చిన్న చిరునవ్వు లేదు. చాలామంది నమ్మి, ఆ చెట్టు ఎలా పెంచాలో చెప్పమని బీబీసీని అడిగారు. మా పెద్దాయన చూసి, "అయితే పుంజు నిజంగానే గొప్పదని నమ్మి చదవాలంటావు," అన్నారు. అంతే. ఆ తర్వాత సూచనలేవీ అవసరం పడలేదు.

ధ్వనికి సాఫ్ట్‌వేర్‌లో ఉన్న 'పాత రేడియో' ప్రీసెట్ వేస్తే టెలిఫోన్‌లో మాట్లాడుతున్నట్టు వచ్చింది. అది 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్యే ఉంచుతోంది. సినిమా హాలు ధ్వని అంత ఇరుకు కాదు. 80 నుంచి 6,000 హెర్ట్జ్ వరకు తెరిచి, మోనో చేసి, గట్టి అక్షరాల దగ్గర కొద్దిగా పగిలేలా పెట్టాం. 'ప్రగతి' అన్నప్పుడు ప్ర దగ్గర చిన్న బొంగురు. సరిగ్గా కుదిరింది.

బాణీకి రెడీమేడ్ ట్రాకులు వద్దనుకున్నాం. 2019లో 'డాక్యుమెంటరీ నౌ!' చేసిన 'ఒరిజినల్ కాస్ట్ ఆల్బమ్: కో-ఆప్' ఎపిసోడ్ గుర్తొచ్చింది. ఒక సంగీత నాటకం (మ్యూజికల్) పాటల రికార్డింగ్ మీద 1970లో డి.ఎ. పెన్నెబేకర్ తీసిన డాక్యుమెంటరీకి అది పేరడీ. దానికోసం ఎలై బోలిన్ స్వరాలతో, జాన్ ములేనీ, సేత్ మేయర్స్ మాటలతో అసలైన మ్యూజికల్ పాటలే కట్టారు. పాట బాగుంటేనే పేరడీ నిలబడుతుంది. మేము పెళ్లి బ్యాండ్‌లో వాయించే ఒక క్లారినెట్ కళాకారుడు, హార్మోనియం, తబలాతో నిమిషంన్నర బాణీ కట్టించాం. దాన్నే మూడు చోట్ల వాడాం.

ఖర్చు ఈ దశలో: గొంతు 5,000, బాణీ 6,000.
ఇప్పటిదాకా ఖర్చు: 31,980. వాడిన ఫిలిం: 1,655 అడుగులు.

దశ 5: ఎడిటింగ్, ఆపరేటర్ బాబాయ్ తీర్పు

మొదటి కూర్పు 9 నిమిషాల 20 సెకన్లు, 840 అడుగులు. నిదానంగా ఉంది గానీ పాతదిలా లేదు. షాట్లు కొలిస్తే కొన్ని రెండు సెకన్లు, కొన్ని ఇరవై. సగటు కన్నా ఈ ఎగుడుదిగుడే ఇబ్బంది. చాలా షాట్లను 4 నుంచి 8 సెకన్ల మధ్యకు తెచ్చాం. చోటు మారినప్పుడు డిజాల్వ్ (ఒక బొమ్మ కరిగి ఇంకోటి రావడం) తప్ప ఇంకే ఎఫెక్టూ లేదు.

తర్వాత దీన్ని తెనాలిలో ముప్పై ఏళ్లకు పైగా హాలు ఆపరేటర్‌గా చేసి రిటైరైన ఒక పెద్దాయనకు చూపించాం. మొత్తం చూసి అన్నారు:

"అంతా బానే ఉంది బాబూ. ఆఫీసర్లేరి?"

"ఆఫీసర్లెందుకు బాబాయ్ గారూ? ఊరి జనం ఉన్నారుగా."

"ఆఫీసరు లేకుండా డాక్యుమెంటరీ ఏంటి? నలుగురు ప్యాంట్లేసుకుని రావాలి, బల్ల మీద కాయితం పరవాలి, ఒకాయన పెన్సిల్‌తో చూపించాలి, మిగతావాళ్లు తలూపాలి. ఏ రీలులోనైనా ఉంటుందది."

నిజమే. పాత రీళ్లు మళ్లీ తిప్పి చూస్తే ఆ పెన్సిలు ఎన్నిచోట్ల ఉందో. 210 అడుగుల అదనపు షూటింగ్ చేశాం. నలుగురు అధికారులు పుంజు ఎదుగుదల గ్రాఫును పెన్సిల్‌తో చూస్తారు. మొత్తం ఎపిసోడ్‌లో ఇప్పుడు అదే బలమైన ముక్క.

ఆయనే ఇంకోటి అడిగారు, చివర్లో చుక్కలేవని. రీలు మార్చడానికి కుడి పై మూలన వచ్చే గుర్తులవి. రీలు అయిపోవడానికి సుమారు 8 సెకన్ల ముందు ఒకటి, రెండో మిషను మోటారు వేయడానికి. ఒక సెకను ముందు ఇంకోటి, బొమ్మ మార్చడానికి. ఒక్కోటి నాలుగు ఫ్రేములు. మా చివరి షాట్ మీద రెండూ పెట్టాం.

ఇప్పటి లెక్క:

- నిడివి: 7 నిమిషాల 6 సెకన్లు, 639 అడుగులు
- షాట్లు: 71, సగటున 6 సెకన్లు
- వాడిన ఫిలిం: 1,865 అడుగులు. మిగిలింది 135 అడుగులు, అంటే 90 సెకన్లు
- అదనపు షూటింగ్ ఖర్చు: 1,150
- మొత్తం ఖర్చు: 33,130

దశ 6: రెండో ఎపిసోడ్ పరీక్షలు

కాలం 1970ల మధ్యకు మారుతోంది. ట్రైపాడ్ పోయి భుజం మీద 16 ఎంఎం కెమెరా, పక్కన నాగ్రా టేపు రికార్డర్ పట్టుకున్న మనిషి. పాడుబడ్డ ఇంట్లో ఉండే తల్లీకూతుళ్ల మీద మేసిల్స్ సోదరులు 1975లో ఇచ్చిన 'గ్రే గార్డెన్స్' తీరులో. 'డాక్యుమెంటరీ నౌ!' మొదటి ఎపిసోడ్ 'శాండీ పాసేజ్' దానికి పేరడీ, ఆ తల్లీకూతుళ్లుగా ఆర్మిసెన్, హేడర్ చేశారు. మూలంలో చిత్రం తీసేవాళ్లు అప్పుడప్పుడు కనబడతారు, వాళ్లతో ఆ ఇంటివాళ్లు మాట్లాడతారు. పేరడీ ఆ ఒక్క అంశాన్నే పట్టుకుని చివరికి భయానక చిత్రంలా తీసేవాళ్ల మీదికే కథను తిప్పింది. మాకు కావలసింది అలాంటి పట్టు, పాత్రల వేషాలు కాదు.

కొత్త ఫిలిం లెక్క: 16 ఎంఎంకు నిమిషానికి 36 అడుగులు. 400 అడుగుల రోలు 11 నిమిషాల పైచిలుకు. కాబట్టి ఒక్క టేకు పదకొండు నిమిషాలు దాటకూడదు, దాటబోతే మాట మధ్యలోనే బొమ్మ ఆగిపోవాలి, గొంతు మాత్రం కొనసాగాలి.

ఇప్పటికి తేలినవి:

1. గింబల్ (కెమెరా వణక్కుండా పట్టే పరికరం) పనికిరాదు. నడక మరీ నున్నగా ఉంది. కెమెరాకు 3 కిలోల ఇసుక సంచి కట్టి భుజాన మోస్తే కదలిక సరైన బరువుతో వచ్చింది.
2. బటన్ నొక్కితే జరిగే జూమ్ ఒకే వేగంతో పోతుంది. చేత్తో తిప్పే జూమ్ లెన్స్ కావాలి. మొదట తడబడి, తర్వాత పరుగెత్తి, ముఖం దాటిపోయి వెనక్కి రావాలి. కోఠిలో ఒకటి చూసి పెట్టాం, బేరం 4,500 దగ్గర ఆగింది.
3. ధ్వని ఇప్పుడు షూటింగ్‌లోనే కావాలి. మైకు పట్టుకునే మనిషి ఒక షాట్‌లోనైనా అద్దంలో కనబడాలి.
4. పచ్చ ఛానల్ లెక్క ఇక వద్దు. ఇది రంగుల్లో.